తొమ్మిదింపావు గేటు

తొమ్మిదింపావు కావస్తోంది. బడి ఆయా కూర్మమ్మ చీపురు గోడకు ఆనించి గేటు దగ్గరకు వచ్చి నిలబడింది. ఆమెకు గడియారం లేదు. వరండా చివరనున్న హెడ్మాస్టరు గది గుమ్మం వైపే చూస్తోంది. నరసింగరావు సారు ఆ గుమ్మంలోకి వస్తాడు. చెయ్యి పైకెత్తి గడియారం చూసుకుంటాడు. చెయ్యి దించగానే గేటుకు తాళం పడాలి. జూన్ నెలలో ఈ బడికి కొత్తగా వచ్చిన రోజున ఆ మాట ఒకసారి చెప్పాడు. రెండోసారి చెప్పించుకునే ధైర్యం కూర్మమ్మకు లేదు. ఆ బడిలో ఎవరికీ లేదు.

చెయ్యి దిగింది. ఆమె గొలుసు చుట్టి తాళం నొక్కింది.

అప్పుడే సముద్రం వైపు నుంచి పిల్లలు పరుగెత్తుకొస్తూ కనిపించారు. ఆరుగురు. పుస్తకాల సంచులు వీపుల మీద ఎగురుతున్నాయి. అందరికంటే ముందు ఎనిమిదో తరగతి అమ్మడు. చుడీదారు మోకాళ్ళ దాకా తడిసి ఇసక అంటుకుని ఉంది. చేతుల నిండా చేప పొలుసులు.

ఆ సోమవారం పొద్దున పిల్లల ఊరు ఇసకపాలెంలో పెద్దవల దించారు. ఒడ్డు మీద రెండు వైపులా తాళ్ళు పట్టి ఆ వల లాగాలి. ఇంటికొక చెయ్యి రావాలి. చెయ్యి రాని ఇంటికి చేపల్లో వాటా లేదు. అమ్మడు తండ్రి పోతురాజుకు కాల్లో గుల్ల దిగి చీము పట్టింది. పది రోజులుగా మంచం మీదే ఉన్నాడు. తల్లి చిన్నతల్లి చేపల తట్ట ఎత్తుకుని తెల్లవారకుండానే ఊళ్ళ మీదికి పోతుంది. ఆ ఇంట్లో మిగిలిన చెయ్యి అమ్మడిదే.

"మామ్మా, తియ్యే! ఇప్పుడే గదేటి ఏసినావు!" అని గేటు ఊచలు పట్టుకుంది.

"అరవకే గుంటా. ఇనిపిస్తాది."

"కవళ్ళు పడ్డాయే. వల రాయిలాగున్నాది. మద్దెన వదిలీసి ఎలగొస్తాను? సాయంత్రం నీకూ గుప్పెడు తెస్తాన్లే, తియ్యీ."

"నీ కవళ్ళ కూర నా నౌకరీకి ఎసరే. ఉండు."

వెనకనున్న కుర్రాళ్ళు నవ్వారు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. కూర్మమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. పిల్లల కళ్ళు చూసి ఎవరు వస్తున్నారో తెలుసుకుంది.

నరసింగరావు సారు లావాటి మనిషి కాదు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, నున్నగా గీసిన గెడ్డం. గొంతు మాత్రం పెద్దది. ప్రార్థన వేళ మైకు అక్కర్లేదంటాడు. ఆయన పేరు పెట్టి పిలిస్తే ఆ పిల్ల చేతిలోది ఏదైనా కింద పడుతుంది.

"ఏ క్లాసు?"

"ఎయిత్, సార్."

"టైమెంత?"

అమ్మడు పొలుసుల చేతులు వెనక్కి దాచుకుంది.

"బడి టైము సముద్రం చెప్తుందా, నేను చెప్తానా?"

"మీరే, సార్."

"మరి సముద్రం మాట ఎందుకు విన్నావు?"

సారు ఒక పలక తెప్పించాడు. 'నేను ఆలస్యంగా వచ్చాను' అని తనే సుద్దముక్కతో గుండ్రంగా రాశాడు. ఊచల సందులోంచి పలక బయటికిచ్చి, ఒక్కొక్కరినీ గుండె దగ్గర పట్టుకోమని, సెల్‌ఫోనుతో ఫోటో తీశాడు. తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాడు. అమ్మడు ఫోటో తీసేటప్పుడు ఆమె పలక కొంచెం పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకోబోయింది.

"కిందికి దించు!"

పలక దిగింది.

"ఇది మొదటిసారి. రెండోసారి ఫోటో ఉండదు. టీసీ ఉంటుంది. మీ అమ్మ వచ్చి పట్టుకుపోవచ్చు. అన్నం బెల్లు దాకా ఇక్కడే నిలబడండి."

ఎండ ఎక్కింది. కూర్మమ్మ మరుగుదొడ్లు కడిగింది, బ్లీచింగు చల్లింది, వరండా తుడిచింది. తుడుస్తూ గేటు వైపు చూసింది. అమ్మడు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. బట్టల మీద ఉప్పు తెల్లగా ఆరింది. కూర్మమ్మ గ్లాసుతో నీళ్ళు తీసుకుని గేటు దగ్గరకు నడిచింది. ఊచల సందులో చెయ్యి పెట్టింది. సారు గదిలో కుర్చీ కిర్రుమంది. ఆమె చెయ్యి ఠక్కున లాగేసుకుంది. నీళ్ళు ఊచల మీద, తన చీర మీద ఒలికిపోయాయి. సారు బయటికి రాలేదు. ఊరికే కుర్చీ జరుపుకున్నాడు. అయినా ఆమె మళ్ళీ గ్లాసు నింపలేదు.

మధ్యాహ్నం ఆయన గదిలో టీ గ్లాసు పెట్టి వెళ్ళిపోతుంటే సారు పిలిచాడు.

"కూర్మమ్మా, నాకు వాళ్ళ మీద కోపమనుకుంటున్నావా?"

"లేదు బాబూ."

"మా నాన్న నాగలి పట్టాడు. నన్ను పట్టనివ్వలేదు. పొలం దగ్గర కనిపిస్తే తాడుతో కొట్టేవాడు. ఆ దెబ్బలకే ఈ కుర్చీలో కూర్చున్నాను. జాలి పడితే ఈ పిల్లలు జన్మంతా వల లాగుతూనే ఉంటారు."

"అవును బాబూ," అంది కూర్మమ్మ. ఆయన ఏం చెప్పినా ఆమె దగ్గర ఆ ఒక్క మాటే ఉంది.

మంగళవారం తాళం వేశాక గేటు దగ్గరకు ఎవరూ రాలేదు. బుధవారమూ రాలేదు. సారు రెండు రోజులూ గుమ్మంలో నిలబడి ఖాళీ రోడ్డు చూశాడు. ముఖంలో సంతోషం కనిపించింది.

"చూశావా? ఒక్కరోజు గట్టిగా ఉంటే చాలు."

"అవును బాబూ."

ఆమెకు సంగతి తెలుసు. మరుగుదొడ్ల వెనక గోడలో ఇటుక ఊడిన కన్నం ఉంది. నీళ్ళు కొడుతూ అందులోంచి చూస్తే సరుగుడు తోట కనిపిస్తుంది. తాళం పడిన కాసేపటికి తోటలో బడి నీలం బట్టలు వరసగా కదిలాయి. వల దగ్గర ఆలస్యమైన పిల్లలు గేటుకు రావడం మానేశారు. తోట దాటితే వంశధార సముద్రంలో కలిసే చోటు వస్తుంది. అక్కడ ఒక పాయ, పాయకు అవతల ఇసక దిబ్బ. దిబ్బ మీద పాత నాటుపడవ ఒకటి సగం పూడిపోయి ఉంది. పొద్దున పాయలో నీళ్ళు చీలమండ దాకానే ఉంటాయి. పిల్లలు దాటిపోయి పడవలో కూర్చుంటారు. సాయంత్రం బెల్లు వినిపిస్తే సంచులు తగిలించుకుని, బడి వదిలిన పిల్లల్లో కలిసి ఇళ్ళకు పోతారు.

హాజరు ఫోనులో తొమ్మిదిన్నరకల్లా ఎక్కించాలి. ఒక్క పేరు తక్కువైనా ఆ క్లాసు టీచరు సారు గదికి వెళ్ళి నిలబడాలి. ఆయన అందరూ వినేటట్టు అడుగుతాడు. సమాధానం నచ్చకపోతే మెమో. ఎనిమిదో తరగతి యమున టీచరుకు అప్పటికే రెండు మెమోలు వచ్చాయి. మూడోది జిల్లా ఆఫీసుకు పోతుందని చెప్పాడు.

బుధవారం పొద్దున యమున చేతులు కడుక్కునే మిషతో కుళాయి దగ్గరకు వచ్చింది. శ్రీకాకుళం నుంచి బస్సులో వస్తుంది. మనిషి ఈ మధ్య సన్నబడింది.

"మావాళ్ళు ఎంతమంది?" అంది, కుళాయి వైపే చూస్తూ.

"ముగ్గురు టీచరమ్మా. అమ్మడు, ఆ యిద్దరు కుర్రోళ్ళు."

"అందరూ బాగానే ఉన్నారు కదా?"

"బాగానే ఉన్నారు. కన్నంలోంచి సూసినాను. ఎగురుకుంట పోతన్నారు."

యమున సెల్‌ఫోను తీసి మూడుసార్లు వేలితో నొక్కింది. తరవాత చంకలోని రిజిస్టరు తెరిచి, ప్రెజెంట్ అని మూడు 'పీ'లు పెట్టింది.

"ఈ సారు రాకముందు ధనలక్ష్మి మేడం హెడ్మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు వల రోజున మొదటి పీరియడ్ డ్రిల్లు పెట్టించేవారు," అంది. "తడిబట్టలతో వచ్చేవాళ్ళు. ముందు ఆరబెట్టుకోండర్రా అనేవారు. పాఠం మధ్యాహ్నం చెప్పేదాన్ని. ఒక్కళ్ళూ మానేవారు కాదు."

"ఆ సంగతి సారుకి సెప్పకూడదేటమ్మా?"

"నువ్వు చెప్తావా?"

కూర్మమ్మ చీపురు వైపు చూసింది. ఇద్దరికీ నవ్వు వచ్చింది. చప్పుడు లేకుండా నవ్వారు. నవ్వుతూనే ఇద్దరూ ఒక్కసారే వరండా వైపు తలలు తిప్పి చూశారు. ఎవరూ లేరు. అయినా నవ్వు మిగల్లేదు.

బడంతా అలాగే ఉంది. కూర్మమ్మ నోటీసు పుస్తకం పట్టుకుని క్లాసు గుమ్మంలోకి వెళ్ళేముందు దగ్గుతుంది. దగ్గకపోతే, నీడ చూసి సారనుకుని పిల్లలు దిగ్గున లేస్తారు. చెబుతున్న టీచరు గొంతు మారిపోతుంది. తెలియనిది అడగడానికి ఎవరూ చెయ్యెత్తరు. బోరింగు చెడిపోతే నాలుగు రోజులు ఎవరూ సారుకు చెప్పలేదు. చెప్పినవాళ్ళనే, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని అడుగుతాడు కనుక.

ఆ సాయంత్రం చిన్నతల్లి ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుని వస్తూ కూర్మమ్మ గుమ్మం ముందు ఆగింది.

"అప్పా, ఆ పొటో సూసినావా? నా పిల్ల పలక పట్టుకోని, దొంగలాగ. కూర బేరం సేస్తన్న ఆడది సెల్లు సూపించి నవ్వింది. మా ఆయన మంచం మీద నుంచి లెగిసి కొట్టబోనాడు. ఆ కాలితో లెగలేక పడిపోనాడు గాని."

"పోనీలేవే. పిల్లలు."

"ఇప్పుడైతే బడికి బాగానే వస్తంది గదా?"

కూర్మమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. వేలికి రాయి తగిలింది, కాని తీయలేదు. నిజం చెబితే చిన్నతల్లి రేపే బడికి వచ్చి అరుస్తుంది. సారు యమున టీచరును నిలదీస్తాడు. తరవాత, నీకెలా తెలుసని తనను అడుగుతాడు. ఆయా పని ఒక్క కాగితం ముక్క మీద నిలబడి ఉంది. ఆ కాగితం సారు చేతిలో ఉంది.

"వస్తంది," అంది.

"అంతే సాలు. నా బతుకు దానికొద్దు," అని చిన్నతల్లి వెళ్ళిపోయింది.

గురువారం తెల్లవారేసరికి సముద్రం రంగు మారింది. వాయుగుండమని టీవీలో చెప్పారు. గాలి సముద్రం మీద నుంచి విసురుగా వస్తోంది. ఆ పూట వల లేదు. కాని ఒడ్డుననున్న పడవలు, వలలు పైకి లాగి మిట్ట మీద పెట్టాలి. దానికీ ఇంటికొక చెయ్యి రావాలి. కూర్మమ్మ బడికి వస్తూ చూసింది. వరసగా మనుషులు పడవ అంచులకు భుజాలు ఆనించి 'ఐలేసా' అంటున్నారు. పోతురాజు పడవ దగ్గర మగవాళ్ళ మధ్య అమ్మడు ఉంది. చున్నీ నడుముకు బిగించి కట్టుకుంది. దుంగ మీద పడవ దొర్లినప్పుడల్లా ఆమె కాళ్ళు ఇసకలో జారుతున్నాయి.

తొమ్మిదింపావుకు సారు చెయ్యి దిగింది. తాళం పడింది.

కాసేపటికి వాన మొదలైంది. అమ్మడు ఒక్కర్తే వచ్చింది. మిగిలిన పిల్లలు వానకు జడిసి ఇళ్ళల్లోనే ఉండిపోయారు. ఆమె గేటు దాకా రాలేదు. రోడ్డుకు అవతల, బోరింగు దగ్గర ఆగింది. సంచి మీద ప్లాస్టిక్ కాగితం కప్పుకుంది. అక్కడి నుంచి తాళం వైపు చూసింది. తరవాత కూర్మమ్మ మొహం వైపు చూసింది.

తాళంచెవి కూర్మమ్మ బొడ్లో ఉంది. చెయ్యి దాని మీదికి పోయింది కూడా. తల కొంచెం తిప్పి వరండా చూసింది. సారు గుమ్మంలోనే ఉన్నాడు. స్తంభం అడ్డం ఉండడం వల్ల బోరింగు ఆయనకు కనిపించదు. గొలుసు చప్పుడైతే మాత్రం వినిపిస్తుంది. ఆమె తాళంచెవి మీద నుంచి చెయ్యి తీసేసింది. అమ్మడి వైపు చూసి, తల అడ్డంగా ఊపింది. చాలా కొద్దిగా ఊపింది.

అమ్మడికి అది చాలింది. వెనక్కి తిరిగి సరుగుడు తోట వైపు నడిచింది. ఇంటికి పోతుందిలే, ఇంత వానలో ఇంకెక్కడికి పోతుంది అనుకుంది కూర్మమ్మ. ఇల్లు అటు వైపు కాదని ఆమెకు తెలుసు.

పదకొండు గంటలకు సెలవు ఇచ్చేయమని పైనుంచి కబురు వచ్చింది. పదకొండున్నరకల్లా పిల్లలందరినీ పంపేశారు. వాన జోరైంది. టీచర్లు బస్సు కోసం వరండాలో నిలబడ్డారు. సారు గదిలోకి నీళ్ళు వస్తుంటే కూర్మమ్మ గోనెతో తుడుస్తోంది.

చిన్నతల్లి అప్పుడు వచ్చింది. తట్ట లేదు. తడిసి ముద్దయింది. సారు గదిలోకి ఎప్పుడూ రానిది, నేరుగా బల్ల దాకా వచ్చేసింది.

"బాబూ, మా పిల్లేది? అందరి పిల్లలూ వచ్చీసినారు. మాది రాలేదు."

సారు యమునను పిలిచాడు. రిజిస్టరు తెప్పించాడు. వేలు పెట్టి గళ్ళు దాటుకుంటూ పోయాడు.

"ఇదిగో. ప్రెజెంట్. పొద్దున వచ్చింది, పదకొండున్నరకు అందరితో పాటు వెళ్ళింది. ఎవరింట్లోనో ఉంటుంది."

"అందరి ఇళ్ళూ సూసినాను బాబూ. గడపగడపా తిరిగినాను."

"అయితే బస్సుల వైపు చూడమనండి. సెలవు కదా అని కళింగపట్నం వైపు పోయుంటారు. మగవాళ్ళెవరైనా వచ్చారా?"

"మా మరుదులు బయట ఉన్నారు."

"రోడ్డు మీదికి పంపండి. నేను పోలీసులకు ఫోన్ చేస్తాను." ఆయన గొంతు ఎప్పటిలాగే గట్టిగా ఉంది. పనులు పంచుతున్న గొంతు. చిన్నతల్లి ఆ గొంతును నమ్మి, గుమ్మంలోంచి మరుదులకు కేకేసి చెప్పింది.

కూర్మమ్మ గోనె పిండుతోంది. మురికినీళ్ళు బకెట్లో పడుతున్నాయి. తల ఎత్తి యమునను చూసింది. యమున రిజిస్టరు వైపు చూస్తోంది. ఏదో అనబోయి ఆగింది. బయట మగవాళ్ళు మోటారు సైకిలు స్టార్టు చేసిన చప్పుడైంది. రోడ్డు వైపు. నది వైపు కాదు.

"బాబూ," అంది కూర్మమ్మ.

ఎవరూ వినలేదు.

"బాబూ! ఆ పిల్ల ఈయేళ బడికి రానేలేదు."

సారు తలెత్తాడు. "రిజిస్టరులో ఉంది."

"రిజిస్టరులో ఉన్నాది బాబూ. బడిలో లేదు. గేటుకి ఎదర బోరింగు కాడికొచ్చింది. నాను తియ్యలేదు. నది మూల పాత పడవ కాడికి ఎల్లిపోనాది. రోజూ అక్కడికే పోతన్నారు."

చెప్పేశాక ఆమె గోనె వదిలేసింది. బకెట్టు పట్టుకుని నిలబడింది.

గుమ్మంలోని చిన్నతల్లి చూపు కూర్మమ్మ మీద ఒక్క క్షణం ఆగింది. నిన్న వస్తందన్నావు గదా అని అడగలేదు. "ఓలమ్మో, నదికాడికా!" అని ఒక్క కేక పెట్టి వానలోకి పరుగెత్తింది.

"ఆ ప్రెజెంట్ నేనే వేశాను సార్," అంది యమున. "మూడు రోజులుగా. రాకపోయినా వేశాను."

"ఎందుకు?"

యమున గుమ్మం వైపు చూసింది. గుమ్మం దగ్గర ఇంకో ఇద్దరు టీచర్లు ఉన్నారు. వాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు.

"నాకెందుకు చెప్పలేదు?"

గాలికి కిటికీ రెక్క కొట్టుకుంది. సారు ఒక్కొక్క మొహమూ చూశాడు. అందరూ నేల చూస్తున్నారు. ఆయన రిజిస్టరు మూసి, గొడుగు కూడా తీసుకోకుండా బయటికి నడిచాడు.

తోటలో ఇసక తడిసి బరువెక్కింది. కూర్మమ్మ ముందు నడుస్తోంది. సారు వెనక. ఆయన బూట్లు కూరుకుపోతున్నాయి.

"ఇది ఎంతమందికి తెలుసు?" అని అడిగాడు.

"అందరికీ బాబూ."

"అందరికీ అంటే?"

"మీకు తప్ప."

ఆయన కూరుకుపోయిన బూటు పీక్కుని మళ్ళీ నడిచాడు.

నది మూల దగ్గర అప్పటికే పదిమంది చేరారు. పోతురాజు కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చి ఉన్నాడు. కాలి కట్టు ఊడి ఇసకలో జీరాడుతోంది. పొద్దున చీలమండ దాకా ఉండే పాయ ఇప్పుడు ఛాతీ దాకా ఉంది. నది నీళ్ళు ఎర్రగా కిందికి తోస్తున్నాయి. సముద్రం తెల్లగా పైకి తోస్తోంది. అవతల దిబ్బ అంచు ముక్కలు ముక్కలుగా జారి నీళ్ళల్లో పడుతోంది. పాత పడవ ఇంకా ఉంది. ముందు భాగంలో చెక్క కప్పు ఉంది. దాని కింద ఏముందో ఇవతలకు కనిపించదు.

"పిల్లక్కడుంటే దిగుతాం మావా," అన్నాడు తాడు పట్టుకున్న ఒకడు పోతురాజుతో. "నేకపోతే ఈ సుడిలో దిగి ఏటి లాభం? ముందు పిలవండి."

"అమ్మడో!" అని చిన్నతల్లి అరిచింది. మూడు వీధుల అవతలకు చేపలు పిలిచి అమ్మే గొంతు అది. గాలిలో కూడా అవతలికి చేరింది.

పడవలో ఏమీ కదలలేదు. సారు మగవాళ్ళను తప్పించుకుని నీటి అంచు దాకా వెళ్ళాడు. రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకున్నాడు.

"అమ్మడూ! నేను హెడ్మాస్టర్ని! బయటికి రా!"

ఆ గొంతు గాలిని చీల్చుకుని పోయింది. జవాబు లేదు. ఇంకోసారి పిలిచాడు. ఇంకోసారి. జవాబు లేదు.

"నేదక్కడ," అన్నాడు తాడు పట్టుకున్నవాడు. "పడవలో ఉంటే ఇంత గొంతు ఇనిపించదేటి? తోటలో సూడండి. పదండి, పదండి."

నలుగురు తోట వైపు మళ్ళారు. చిన్నతల్లి ఇసకలో కూలబడి మళ్ళీ కూతురిని పిలిచింది. కూర్మమ్మ పడవ మీద నుంచి కళ్ళు తియ్యలేదు. తల్లి పిలిచినప్పుడు చెక్క కప్పు అంచున నాలుగు వేళ్ళు కనిపించాయి. నీలం బట్ట కొస ఒకటి గాలికి ఎగిరింది. వెంటనే సారు పిలిచాడు. వేళ్ళు లోపలికి పోయాయి. బట్ట కొస కూడా లోపలికి జారిపోయింది.

సముద్రం దిబ్బను కొరికేస్తుంటే, ఆ పిల్ల ఇంకా లోపలికి ముడుచుకుంటోంది.

"సారూ, మీరు పిలవకండి."

ఆయన వినలేదు. ఊపిరి పీల్చి మళ్ళీ నోరు తెరిచాడు. కూర్మమ్మ నీళ్ళల్లోకి దిగి ఆయన ముందుకొచ్చి నిలబడింది. అంత దగ్గరగా ఆయన మొహం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"మీరు పిలిస్తే రాదు బాబూ! అక్కడే ఉన్నాది. నాను సూసినాను. మీ గొంతినీసి దాక్కుంటంది."

సారు నోరు తెరిచే ఉంది. వాన అందులో పడుతోంది. పడవ వైపు చూశాడు, చిన్నతల్లి వైపు చూశాడు. మెల్లగా చేతులు దించాడు.

"అయితే... నాను ఏటి సెయ్యాలి?" అన్నాడు. ఆ యాస ఆయన నోట ఎవరూ వినలేదు.

"ఆ పిల్లకి మీరు కనబడకండి. అలగెల్లండి."

ఆయన వెనక్కి నడిచాడు. తోట మొదట్లో ఆగాడు. తెల్లచొక్కా చెట్ల మధ్య నుంచి ఇంకా కనిపిస్తోంది. కూర్మమ్మ చెయ్యి ఊపింది.

"ఇంకా అవతలకి!"

వెళ్ళాడు.

"ఇంకా!"

ఇసక మిట్ట వెనక ఆయన తల కూడా కిందికి దిగిపోయింది.

"ఇప్పుడు పిలవే చిన్నతల్లీ. సారు ఎల్లిపోనాడని సెప్పు."

"అమ్మడో! సారు ఎల్లిపోనాడే! లేడే ఇక్కడ! ఎవులూ ఏటీ అనరే, నా తల్లి కదా, తల బయటెట్టే!"

కాసేపు అలల చప్పుడే. తరవాత చెక్క కప్పు కింద నుంచి తల వచ్చింది. జుట్టు మొహానికి అంటుకుపోయి ఉంది. ముందు ఒడ్డంతా ఇటు నుంచి అటు దాకా చూసింది. తరవాతే నిలబడింది. నిలబడితే నడుము దాకా పడవలో నీళ్ళున్నాయి. పుస్తకాల సంచి నెత్తి మీద పెట్టుకుంది.

"ఉన్నాది! ఉన్నాది! తాడు తే!" అని పోతురాజు అరిచాడు. కర్ర పారేసి తనే దిగబోతే ఇద్దరు పట్టుకున్నారు. నలుగురు తాడు నడుములకు కట్టుకుని దిగారు. మిగిలినవాళ్ళు కొస పట్టారు. చిన్నతల్లి పట్టింది, యమున పట్టింది, కూర్మమ్మ పట్టింది. నీళ్ళు మనుషులను పక్కకు తోసేస్తున్నాయి. ముందున్నవాడు ఒకసారి మునిగి తేలాడు. పడవ అంచు దొరికింది. అమ్మడిని భుజం మీద వేసుకున్నాడు. "లాగండి!" అన్నాడు. అందరూ లాగారు.

ఒడ్డున పడేసరికి ఆ పిల్ల పళ్ళు టకటకలాడుతున్నాయి. చిన్నతల్లి రెండు దెబ్బలు వేసి, వెంటనే గుండెకు హత్తుకుంది. యమున తన చున్నీ తీసి కప్పింది. ఏడుస్తూనే కప్పింది. అమ్మడు తల్లి భుజం మీద నుంచి కూర్మమ్మను చూసింది.

"మామ్మా, సారు నన్ను సూసినాడేటి?"

"లేదమ్మా."

"టీసీ ఇస్తాడేటి?"

"లేదు. ఇంటికి పద."

వాళ్ళు ఊరి వైపు కదిలారు. పోతురాజును ఇద్దరు మోస్తున్నారు. అమ్మడు నడుస్తానని నడిచింది. యమున ఆమె సంచి మోస్తోంది. వెనక పాత పడవ ఒక పక్కకు ఒరిగింది. ఎవరూ తిరిగి చూడలేదు.

కూర్మమ్మ ఇసక మిట్ట ఎక్కింది. సారు అవతలి వాలులో గొంతుక్కూర్చుని ఉన్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. ఆమెను చూసి చెయ్యి తీసి ఏదో అడిగాడు. గాలిలో ఆమెకు వినిపించలేదు. పెదాలు చూసి తెలుసుకుంది.

"బాగున్నాది బాబూ. నడుసుకుంటనే పోతన్నాది."

ఆయన తల ఊపాడు.

"రండి. ఈ వానలో ఇక్కడేటి? అందరూ ఎల్లిపోతన్నారు."

సారు లేవలేదు. మిట్ట మీదికి తల కొంచెం ఎత్తి, చెట్ల సందులోంచి పోతున్న నీలం బట్టను చూశాడు. మళ్ళీ తల దించేశాడు.

"నువ్వెళ్ళు కూర్మమ్మా," అన్నాడు మెల్లగా. "ఆ పిల్ల ఇంట్లోకి వెళ్ళిందాకా నేనిక్కడే ఉంటాను."